గంగాభవాని నోరు మూసుకున్న చలికాలాలు

యాంగాన్‌లోని పజుండౌంగ్ పేటలో గంగాభవాని గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఎరగమన్నవాళ్ళు చెవిటివాళ్ళయినా అయ్యుండాలి, ఆ ఉదయమే ఊళ్ళో దిగినవాళ్ళయినా అయ్యుండాలి. బర్మావాళ్ళు బయాజో అని పిలిచే శనగపప్పు వడలు ఆమె వీధి మొగలో వేయించి అమ్మేది. ఆమె ఒక్క కేక వేస్తే రెండు వీధుల అవతల టీకొట్లో కూర్చున్నవాళ్ళు కప్పు పక్కన పెట్టి లేచి వచ్చేవాళ్ళు. ఇక ఎవరి చెవిలోనైనా రహస్యం చెప్పిందంటే, అది ఎదురింటి మేడమీద బట్టలు ఆరేసుకునే ఆవిడకు కూడా చేరిపోయేది. అలాంటి మనిషి నిశ్శబ్దాన్ని కాపాడటానికి నడుం కట్టి, పదిమందిని వెంటేసుకుని నడిపించిందంటే నవ్వొస్తుంది. నవ్వుకోండి, తప్పులేదు. ఆమె కూడా నవ్వుకునేది.

ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం అని మనవాళ్ళు పిలిచే ఈ యాంగాన్‌కి వచ్చి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మనవరాలు పుట్టింది, పెరిగింది, వడలు వేయడం నేర్చింది అంతా ఈ వాగు ఒడ్డునే. మొగుడు సూరి బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పని. అతనేం తక్కువవాడు కాదు. ఆమె ఒకటంటే తను రెండనేవాడు, తనే అన్న మాటకి తనే పగలబడి నవ్వేవాడు. ఇద్దరే ఉన్న ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా పెళ్ళివారు దిగినట్టుండేది.

ఎనభై ఎనిమిది ఆగస్టులో ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. విద్యార్థులు, గుమాస్తాలు, రేవు కూలీలు, ఆస్పత్రి నర్సులు, అందరూ. సూరి ఊరేగింపులో లేడు. మిల్లు నుంచి ఇంటికొస్తున్నాడు, అంతే. కాల్పులు మొదలైనప్పుడు పక్కన నడుస్తున్న మనిషి అతని మీద పడి, మళ్ళీ లేవలేదు. ఆ మనిషి పేరేమిటో కూడా సూరికి తెలియదు. ఇంటికి వచ్చాక అతను ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు. తర్వాత మరేమీ చెప్పలేదు. మాట్లాడించబోతే "ఊ" అనేవాడు. గిన్నె కింద పడితే మంచం కిందికి దూరేవాడు. రెండు చేతులూ వణుకుతూనే ఉండేవి, అన్నం కలుపుకుంటుంటే మెతుకులు కంచం బయట పడేవి. మిల్లువాళ్ళు ఇక రావద్దన్నారు.

ఆ తర్వాత సైన్యం పగ్గాలు పట్టుకుంది. కాలేజీలు మూతపడ్డాయి, బయటి దేశాల కబురు లోపలికి రాదు, లోపలి కబురు బయటికి పోదు. ఐదుగురు ఒకచోట చేరితే నేరమని రేడియో రోజూ చెప్పేది. చచ్చిపోయినవాళ్ళను మోసేందుకు మాత్రం నలుగురు చాలు కదా అని గంగాభవాని ఒకసారి అనేసింది. ఆ గొంతుతో ఆ మాట అన్నందుకు వీధంతా కిటికీలు వేసుకుంది.

నోరు మూసుకోవడం ఆమెకి చేతకాని పని. ఇంట్లో మాత్రం మూసుకోక తప్పలేదు. తను పెంచుకున్న గొంతే తన మొగుణ్ణి మంచం కిందికి తోలుతుందని తెలిసినప్పుడు ఆమెకి ప్రాణం ఉసూరుమంది.

పజుండౌంగ్ వాగు ఒడ్డున, ఏనాడో మూతపడ్డ ఒక కలప మిల్లు వెనక, ఎవరూ పట్టించుకోక అడవిగా మారిన నేల ఉంది. మడచెట్లు, రెల్లు, ఇళ్ళ కప్పులకు ఆకు కోసుకునే దనీ పొదలు. ఆ డిసెంబరులో పొయ్యిలోకి పుల్లల కోసం గంగాభవాని అక్కడికి వెళ్తూ, మోపు మోయడానికని సూరిని వెంట తీసుకెళ్ళింది. యాంగాన్ చలి ఎంతటిదని అడక్కండి. మంచు పడదు, నీళ్ళు గడ్డకట్టవు. అయినా డిసెంబరు రాగానే ఊరంతా పెట్టెల్లోంచి ఉన్ని టోపీలు తీస్తుంది, తియ్యనివాళ్ళను ఒంట్లో బాగానే ఉందా అని నిలదీస్తుంది. వాగు మీద పొగమంచు. ఎక్కడి నుంచో చలికాలానికి వచ్చిన పిట్టలు బురదలో తోక ఆడిస్తూ తిరుగుతున్నాయి. పుల్లలు ఏరుకుని ఆమె వెనక్కి తిరిగేసరికి సూరి ఒక పడిపోయిన మాను మీద కూర్చుని ఉన్నాడు.

పిలుద్దామని నోరు తెరిచింది. అతని చేతులు కనబడ్డాయి. ఒళ్ళో పెట్టుకుని ఉన్నాయి, కదలడం లేదు. తెరిచిన నోరు మూసుకుంది. పుల్లల మోపు మీదే చతికిలబడి, చప్పుడు కాకుండా ఏడవడం ఆమె జీవితంలో అదే మొదలు.

ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళారు. ఆ వారంలో బాప్టిస్టు గుడిలో పాటలు పాడించే వెరోనికా తోడొచ్చింది. వెరోనికా తమ్ముడు విద్యార్థులతో సరిహద్దుకు పోయి, ఏమయ్యాడో తెలియదు. ఇంట్లో ఎవరు పలకరించినా ఆవిడకి అదే ప్రశ్నలా వినబడేది. తర్వాత సైడుకారు రిక్షా తొక్కే ముసలి యర్రయ్య చేరాడు. అతనికి ఏ బాధా లేదు, ఇంటినిండా మనవలు, అదే బాధ. ఇలా ఒకరిని చూసి ఒకరు అడగడం మొదలుపెట్టారు. ఐదో మనిషి వచ్చేసరికి చట్టం గుర్తొచ్చింది.

"నలుగురం ఎల్దుం. ఆళ్ళు తిరిగొచ్చినాక ఇంకో నలుగురు," అని తేల్చేసింది గంగాభవాని. ఆమెని ఎవరూ ఎన్నుకోలేదు. ఎవరు ఎప్పుడు వెళ్ళాలో గడప మీద నిలబడి వీధికంతటికీ వినబడేలా చెప్పగలిగినది ఆమె ఒక్కతే, అంతే. అడవిలో అడుగుపెట్టాక మాత్రం ఆమె పెట్టిన కట్టుబాట్లు కఠినం. మాట్లాడకూడదు. టేపు రికార్డరు తేకూడదు. కొమ్మ విరవకూడదు. పెసలు వేయించి తెచ్చుకుని కరకరలాడించకూడదు. ఈ చివరిది యర్రయ్య కోసం. పుల్లలు ఏరడం కూడా మానేసి, పొయ్యిలోకి కొనుక్కోవడం మొదలుపెట్టింది. ఆ చలికాలం అలా గడిచింది.

మరుసటి చలికాలం మొదట్లో పేట ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. గంగాభవాని పది ఇళ్ళ పెద్ద. ప్రతి పది ఇళ్ళకీ ఒక పెద్దని పెట్టి, ఆఫీసు మాట ఆ పది గడపలకీ చేర్చమంటారు. ఆమె అయితే గడప దాటకుండానే చేరవేస్తుందని ఆ పని ఆమెకి అంటగట్టారు. పేట ఆఫీసులో కూర్చునే ఊ చిట్‌ఫే మెతక మనిషి. పై నుంచి జీపు వస్తోందంటే చాలు, చలికాలంలో కూడా చెమటలు పట్టేవి.

"శనివారం మొదలు నీ పది ఇళ్ళ నుంచి ఇంటికొకరు స్వచ్ఛంద సేవకు రావాలి, డో గంగా," అన్నాడు. స్వచ్ఛంద సేవ అంటే పేరుకే, రాకపోతే జరిమానా. "కత్తి, చీపురు తెచ్చుకోమను. మిల్లు వెనక అడవి కొట్టి చదును చెయ్యాలి. కాంట్రాక్టరు అక్కడ పిక్నిక్ తోట పెడుతున్నాడు. మోటారు పడవలు, మైకులో పాటలు. సరదాగా ఉంటుంది."

గంగాభవానికి సూరి చేతులు కళ్ళముందు మెదిలాయి. ఆ అడవి పోతే అతను ఇక మంచం కిందే. వేరే చోటు లేదు, ఈ ఊళ్ళో మైకు లేని జాగా వెతకడం ఆమె ఎప్పుడో మానేసింది. కాదంటే ఏమవుతుందో కూడా తెలుసు. కాబట్టి కాదనలేదు.

"అలాగే సయా," అంది. అయ్యగారూ అని మనం అన్నట్టే అక్కడ సయా అంటారు, మన గారు లాగా మగవాళ్ళ పేరు ముందు ఊ, ఆడవాళ్ళ పేరు ముందు డో పెడతారు. "పదిమందినీ తెస్తాను. ఐదుగురు చేరకూడదని చట్టం ఉంది కదా. చేరొచ్చని మీరు సంతకం పెట్టి ఒక చీటీ ఇస్తే చాలు."

ఊ చిట్‌ఫే కలం తీసుకున్నాడు. కాగితం వైపు చూశాడు. ఆ కాగితం కింద తన పేరు ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు కాబోలు, కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నలుగురు చాలులే," అన్నాడు.

అలా ఆ అడవిని కొట్టే పని నలుగురి చేతికొచ్చింది. సర్కారు పని ఎలా చెయ్యాలో ఆ పేటలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. జీపు చప్పుడు వినబడితే కత్తి ఎత్తాలి, వినబడకపోతే దించాలి. ముందు వరసలో ఉన్న ఒక్క రెల్లు దుబ్బునే వారం పొడుగునా కొట్టారు. అది పాపం కొట్టినకొద్దీ చిగురు వేసింది. మిగతా సేపంతా చేతులు కట్టుకుని వాగుకేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట గొణిగేవాళ్ళు, రెండోసారి వచ్చినప్పుడు గొణగడం మానేసేవాళ్ళు, మూడోసారి తమ వంతు కాకపోయినా వచ్చేవాళ్ళు. పేరుకే అయిన స్వచ్ఛంద సేవ నిజంగానే స్వచ్ఛందం అయిపోతోందని గంగాభవాని లోలోపల మురిసిపోయింది.

ఆ మురిపెం క్రిస్మస్ ముందు రోజు వరకే. ఆ రోజు ఆమెకి జ్వరం, సూరిని పంపకుండా ఇంట్లోనే ఉంచుకుంది. అడవికి వెళ్ళిన నలుగురిలో వెరోనికా, యర్రయ్య ఉన్నారు. ఏ పనీ చెయ్యొద్దని ఆమె మరీమరీ చెప్పింది. కానీ తెలుగువాళ్ళ చేతికి చీపురిచ్చి ఊరికే కూర్చోమంటే కూర్చుంటారా? సూరి కూర్చునే మాను చుట్టూ ఆకులు రాలి, చెత్తగా కనబడింది. పాపం మన సూరి కూర్చునే చోటు, పండగపూట ఇలా ఉండటమేమిటని యర్రయ్య చీపురందుకున్నాడు. ఊడ్చి, వాగు నీళ్ళు తెచ్చి కళ్ళాపి చల్లి, నేల అద్దంలా చేశాడు. వెరోనికా ఇంటికి పోయి బియ్యప్పిండి తెచ్చి, మధ్యలో ఇంత క్రిస్మస్ నక్షత్రంతో ముగ్గు పెట్టింది. ఇద్దరూ చేసిన పనికి వాళ్ళకే కళ్ళు చెమర్చాయి.

మర్నాడు సూరి వచ్చి చూశాడు. ఆకులు లేవు, ఆకుల కింది పురుగులు లేవు, పురుగుల కోసం వచ్చే పిట్టలు లేవు. ముగ్గు తొక్కకుండా కాలు పెట్టే చోటు కూడా లేదు. అతను కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి ఇంటికి పోయి, మంచం కిందికి దూరాడు. అక్కడ గిన్నె ఏదీ పడలేదు, అయినా దూరాడు.

"ఏటి సేసినారర్రా," అంది గంగాభవాని. అరవలేదు. అరిచినా బాగుండేదని వెరోనికా తర్వాత చెప్పుకుంది.

"మన సూరన్నయ్యకి బాగుంటాదని సేసేం వదినా," అంది వెరోనికా, కొంగు నలుపుతూ.

"అడివి నీ ఇంటి వాకిలా, బాబాయి?" అని గంగాభవాని యర్రయ్యని అడిగింది.

"ఊడిస్తే మంచిదే గదమ్మీ అనుకున్నాను," అన్నాడు యర్రయ్య.

ఆమె గంప తీసుకుని అడవిలోకి పోయింది. యర్రయ్య ఊడ్చి పోగేసిన ఆకుల్ని గంపకెత్తి, తెచ్చి, నేలమీద మళ్ళీ పరచడం మొదలుపెట్టింది. ఊడ్చిన చెత్తని తిరిగి పరిచే ఆడది లోకంలో నేనొక్కతెనే అనుకుంటోంది. సగం పరిచేసరికి వెనక దగ్గు వినబడింది. ఊ చిట్‌ఫే నిలబడి ఉన్నాడు. అతని కళ్ళు నేలమీద తెల్లగా మెరుస్తున్న నక్షత్రం మీద అతుక్కుపోయాయి. సర్కారుకి ఎదురు తిరిగినవాళ్ళ జెండా మీద కూడా తెల్ల నక్షత్రమే.

"ఏమిటిది డో గంగా?" అన్నాడు. "జెండా బొమ్మా? ఎవరైనా చూస్తే నువ్వూ పోతావు, నేనూ పోతాను."

"ముగ్గు సయా. మావాళ్ళు పండక్కి పెడతారు."

అతను ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు. కొద్దిగా తేరుకున్నాడు. "అయితే ఇక్కడ మీ దేవతేదో ఉంది. ఉందని చెప్పు. నాట్ ఉన్న చెట్టుకి కత్తి తగిలించడానికి ఎవడికీ ధైర్యం చాలదు." బర్మావాళ్ళు చెట్టుకీ పుట్టకీ కావలి ఉండే దేవతల్ని నాట్ అంటారు. అడవి కొట్టకుండా ఉండటానికి దారి అతనే చూపిస్తున్నాడు. అవునని తలూపితే చాలు.

గంగాభవాని తల ఊగబోయి ఆగింది. దేవుడి పేరున అబద్ధం చెప్పడానికి ఆమెకి భయమే. అంతకన్నా, సంవత్సరం పైగా ఎవరికీ చెప్పుకోని సంగతి గొంతులోకి వచ్చి నిలబడింది. అడవిలో ఉంది కాబట్టి గుసగుసగానే చెప్పింది. "దేవత లేదు సయా. మా ఆయన ఇక్కడ కూర్చుంటాడు. ఆగస్టు నుంచి ఆయనకి చప్పుడు పడదు. ఇక్కడ ఒక్కచోటే చేతులు వణకవు."

ఊరంతా హడలగొట్టే గొంతు గుసగుసలాడటం ఊ చిట్‌ఫే ఎప్పుడూ వినలేదు. ఆమె మొహంలోకి ఒకసారి చూసి, సూరి మాను మీద మెల్లగా కూర్చున్నాడు. చాలాసేపు వాగుకేసి చూశాడు.

"మా ఇంట్లో కూడా తలుపులు చప్పుడు కాకుండా వేస్తాం," అన్నాడు చివరికి. ఎవరి కోసమో చెప్పలేదు, ఆమె అడగలేదు. లేస్తూ, "నువ్వు చెప్పింది నేను పైవాళ్ళకి చెప్పలేను. నాట్ సంగతయితే చెప్పగలను. ఆ పాపం నాది," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక దోసెడు ఆకులు తీసి నక్షత్రం మీద చల్లి పోయాడు.

రెండు రోజుల తర్వాత వడల కొట్టు దగ్గరికొచ్చి, ఆమెకి మాత్రమే వినబడేలా చెప్పాడు. "చెప్పేశాను. ఇండియా నాట్, చాలా కోపిష్టి అన్నాను. కాంట్రాక్టరు మొహం పాలిపోయింది. ఇక రాడు." గంగాభవాని అతనికి వడలు పొట్లం కట్టిచ్చి, ఎంతిచ్చినా తీసుకోనంది. నేలమీద ఆకులు మళ్ళీ దట్టంగా అయ్యాయి. తోకాడించే పిట్ట తిరిగొచ్చింది. దాని వెనకే సూరి వచ్చాడు.

కాంట్రాక్టరు కూడా వచ్చాడు. నాట్ అంటే భయపడేవాడు నాట్‌ని అడక్కుండా పారిపోడని, అనుమతి కోసం వస్తాడని మన ఊ చిట్‌ఫేకి తట్టనేలేదు.

అది పొగమంచు ఉదయం. రెల్లు వెనక మాను మీద సూరి, పక్కన గంగాభవాని, కొంచెం ఎడంగా వెరోనికా, యర్రయ్య కూర్చున్నారు. బాట మీద చెప్పుల చప్పుడైంది. రెల్లు సందులోంచి చూస్తే కాంట్రాక్టరు. కొత్త లుంగీ, ఉన్ని టోపీ, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో కొబ్బరికాయ, దాని చుట్టూ మూడు అరటి అత్తాలు. రెల్లుకి అవతల మోకాళ్ళ మీద కూలబడి, పళ్ళెం ముందు పెట్టి, చేతులు జోడించాడు.

ఈ రెల్లు నాలుగడుగుల మందం. అతను లేచి ఇటు ఒక్క చూపు చూశాడంటే నాట్ లేదు, ఏమీ లేదు, నలుగురు మనుషులు కూర్చున్నారని తెలిసిపోతుంది. అడవీ పోతుంది, అబద్ధం చెప్పిన ఊ చిట్‌ఫే కూడా పోతాడు. పైగా ఇతనితో కలిపి ఇప్పుడు సరిగ్గా ఐదుగురు. యర్రయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, తను చూడకపోతే తనని ఎవరూ చూడరన్నట్టు. వెరోనికా పెదాలు ఏసుప్రభువుని పిలుస్తున్నాయి.

"మహాప్రభూ," అన్నాడు కాంట్రాక్టరు బిగ్గరగా. ఆ గొంతుకి సూరి ఉలిక్కిపడ్డాడు. గంగాభవాని అతని చేతుల మీద తన చెయ్యి వేసింది. "మీకు ఏటా ఎర్రబట్ట కడతాను. అరటిపళ్ళు వారం వారం తెస్తాను. ఒక చిన్న మైకు పెట్టుకోనివ్వండి. రెండే రెండు మోటారు పడవలు. మీకు ఇష్టమేనా?"

వాగు మీద ఏమీ కదల్లేదు. గంగాభవాని తన అరచేతి కింద సూరి చేతులు వణకడం మొదలవడం గమనించింది. వణికాయి, ఆగాయి.

"వద్దు," అన్నాడు సూరి, శుద్ధమైన బర్మీస్‌లో.

సంవత్సరం పైగా వాడని గొంతు అది. బాయిలరులోంచి వచ్చినట్టు బొంగురుగా వచ్చింది. అవతల కాంట్రాక్టరు నేలకి కరుచుకుపోయాడు. కాసేపటికి, ఎంతైనా వ్యాపారస్థుడు కాబట్టి, మట్టిలోంచే అడిగాడు. "ఈ చలికాలం వరకు వద్దా, ప్రభూ?"

సూరి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడివేసి.

"అవును."

"మరి వానాకాలంలో?"

"అప్పుడూ వద్దు," అన్నాడు సూరి. "ఎప్పుడూ వద్దు. లే, ఇంటికి పో. చెప్పులు చప్పుడు చెయ్యకుండా పో."

కాంట్రాక్టరు చెప్పులు చేత్తో పట్టుకుని, వీపు చూపించకుండా, వెనక్కి వెనక్కి నడిచి పోయాడు. మైకుల వ్యాపారం ఊళ్ళోనే మరో పేట తామ్వే వైపు మార్చుకున్నాడని తర్వాత తెలిసింది.

యర్రయ్య కళ్ళు తెరిచాడు. వెరోనికా నోట్లో కొంగు కుక్కుకుని మాను మీదే దొర్లుతోంది. గంగాభవాని మాత్రం నవ్వలేదు, ఏడవలేదు, మొగుడి మొహం వైపే చూస్తూ కూర్చుంది. సూరి లేచి, రెల్లు తప్పించుకుని అవతలికి వెళ్ళి, పళ్ళెం తీసుకొచ్చాడు. ఒక పండు ఒలిచాడు. చేతులు ఒలిచే పనిలో ఉన్నాయి, మరో పని చెయ్యడం లేదు.

"ఒలే," అన్నాడు ఆమెతో, "ఇయి నాకిచ్చినయ్యే గదేటి?"

అని, తనే అన్న మాటకి తనే పగలబడి నవ్వాడు. బురదలో పిట్టలు లేచి ఎగిరాయి. వాగు అవతల ఒడ్డున ఎవరో ఇటు తిరిగి చూశారు.

గంగాభవాని కంగారుగా అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లిగా మాటాడు మావా. ఎవులైనా ఇంటారు."

సూరి ఆమె చెయ్యి తీసి, అందులో సగం పండు పెట్టాడు.

"ఇననియ్యే," అన్నాడు.